చుక్క గుర్తు ప్రశ్న

తవిటమ్మ చెప్పింది ఇంతే:
"గెడ్డకి నీరొచ్చీసినాది బాబూ.
నొప్పులొస్తంటే కోడల్ని మంచంమీద మోసుకొచ్చినాం.
నడిమధ్యన మంచం కోడు జారిపోనాది."
అక్కడ ఆగిపోయింది.
పెన్నుకి మూత పెట్టాను, మళ్లీ తీశాను.

శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దగ్గర
జెరాక్సు షాపు మెట్టుమీద
పద్దెనిమిదేళ్లుగా అర్జీలు రాస్తున్నాను.
ముందు "అయ్యా", చివర "చిత్తగించవలెను".
మధ్యలో ఒక మంచం పట్టేంత జాగా
ఎప్పుడూ ఉండదు.

అర్జీ ఎమ్మెల్యే గారి పీఏ సంచిలోకి వెళ్లింది.
సంచిలోంచి, ఎలాగో, రాజధానికి.
అక్కడెవరో దాన్ని ఉతికి, ఆరేసి,
మూడు ముక్కలుగా కత్తిరించారు:

అ) తాటివలస వద్ద గెడ్డపై కల్వర్టు లేదన్నది వాస్తవమా?
ఆ) అయితే, నిర్మించే ప్రతిపాదన ఏదైనా ప్రభుత్వం వద్ద ఉందా?
ఇ) ఉంటే, ఎప్పటిలోగా పూర్తవుతుంది?

మంచం లేదు. కోడలు లేదు.
నంబరుంది, నూట నలభై ఆరు,
నంబరు నెత్తిన ఒక చుక్క.

"ఈ సుక్కెందుకు బాబూ?"
"చుక్కున్న ప్రశ్నకి మంత్రి లేచి నిలబడి
నోటితో జవాబు చెప్పాలమ్మా.
చుక్క లేనిదానికి కాగితమే."
"నా కోసం లెగుస్తాడా?"
"సభాపతి కోసం.
అక్కడ ఎవరు ఎవర్ని తిట్టినా, పొగిడినా
'అధ్యక్షా' అని ఆయనకే చెప్పుకోవాలి."
కాసేపు ఆలోచించింది.
"అమ్మోరికి మొక్కినట్టు.
ఇనాల్సినోడు పక్కన నిల్చుంటాడు."

ఆ రోజు టీకొట్టు టీవీ ముందు కూర్చున్నాం.
ఉతికిన చీర కట్టుకొచ్చింది,
గెడ్డ ఒడ్డున పుట్టిన పిల్లని ఒళ్లో వేసుకుని.
మాది వరసలో ఏడోది.
ఒకటోది చెరకు బకాయిలు.
దానికో అనుబంధ ప్రశ్న, ఆ అనుబంధానికి ఇంకోటి,
చెరకు పిప్పయినా వదల్లేదు.
మూడోదాని దగ్గర ఎవరో ఎవర్నో ఏదో అన్నారు.
ఆ మాటని రికార్డుల్లోంచి తొలగించారు.
తొలగించిన మాటకోసం అరగంట అరుచుకున్నారు.
కాగితాలు ఎగిరాయి. మార్షల్స్ వచ్చారు.
గంట మోగింది.

నాలుగు, అయిదు, ఆరు, ఏడు ప్రశ్నల సమాధానాలు
సభ ముందు బల్లమీద ఉంచినట్టు భావించడమైనది.

"ఏటన్నాడు?"
"జవాబు బల్లమీద పెట్టారట."
"మా గెడ్డమీదా ఒక బల్ల ఏసుకున్నాం,
మొన్నటి వానకి కొట్టుకుపోనాది."

మధ్యాహ్నం పద్దులు.
అవునన్నవారు అవుననండి.
కాదన్నవారు కాదనండి.
అవునన్నవారిదే ఆధిక్యం.
టీ మీద మీగడ కట్టేలోపు
రాష్ట్రంలోని రోడ్లన్నీ మూజువాణిన గెలిచేశాయి.
తవిటమ్మ కూడా టీవీకేసి "అవును" అనీసింది.
టీకొట్టు చిన్నారావు నవ్వాడు.
నేను నవ్వలేదు.
ఆ అవును ఎవరి లెక్కలోకి వెళ్తుందో చూస్తున్నాను.

నెల తర్వాత నకలొచ్చింది.
అ) అవునండి.
ఆ) లేదండి.
ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు.

రెండుసార్లు చదివించుకుంది.
"ఉత్పన్నమంటే?"
"పుట్టడం."
"పుట్టనేదంటాడా?"
పిల్ల నా పెన్నుకోసం చెయ్యి చాపింది.
ఇచ్చేశాను.

ఎవరికి ఎవరు సర్దిచెప్పాలో తెలియక
ఆటోల హారన్లు వింటూ కూర్చున్నాం.
చివరికి తవిటమ్మే అంది:
"మొదటిదానికి అవునన్నాడు కదా.
ఆ ముక్కొక్కటీ సింపి ఇచ్చీ బాబూ.
గెడ్డ దాటనేక సచ్చిపోనాదంటే
సచివాలయంలో రుజువడిగినారు."

స్కేలు పెట్టి నిదానంగా చింపాను.
అవునండి.
రేషను కార్డు మడతలో పెట్టుకుని
నాలుగింటి బస్సుకి పరిగెత్తింది,
పిల్ల పిడికిట్లో నా పెన్ను.

మిగిలిన కాగితం నా దగ్గరే ఉంది.
వెనకవైపు తెల్లగానే ఉంది.
రేపు ఇంకెవరికో పనికొస్తుంది.